భోజనాలు: మార్త

“చిన్నది చెయ్యడమే కదా మార్తా, అదేమన్నా పనా?” అని హాల్లోంచి అన్నాడు మా ఆయన ప్రేమ్ కుమార్. నేను అప్పుడు గ్రైండర్ రాయి ఒళ్ళో పెట్టుకుని, దాని సందుల్లో ఇరుక్కున్న ఇడ్లీ పిండిని వేలితో గీకుతున్నాను. ఆ రాయి బరువు నాకు తెలుసు, నా బరువు ఆ రాయికి తెలుసు. ఆయనకు మాత్రం ఆ ఇంట్లో అన్నీ తేలికే. వంట చెయ్యడమంటే ఊరికే పొయ్యి మీద పెట్టడం. బట్టలుతకడమంటే ఊరికే నానబెట్టడం. పొద్దున్నే లింగరాజపురంలో బస్సెక్కి ఒక కాలి మీద కుందలహళ్ళి దాకా వెళ్ళి, సాయంత్రం రెండో కాలి మీద తిరిగి రావడమంటే ఊరికే ఆఫీసులో కూర్చుని రావడం. ఆయన లెక్కలో నేను పుట్టిన దగ్గర్నుంచి ఏ పనీ చెయ్యలేదు. అయినా మూడు పూటలా ఇంట్లో అన్నం ఉడికేది, అద్భుతంలా.

ఆయనేం చేస్తాడంటే, సినిమా తీస్తాడు. తీశాడు కూడా. దాని పేరు ‘మాటలేని వంటిల్లు’. ఇంటి ఆడవాళ్ళు జీతం లేకుండా చేసే చాకిరీ మీద సినిమా. నవ్వకండి, నేను నవ్వడం ఎప్పుడో అయిపోయింది. శనివారం శనివారం ఆయన స్నేహితులు మా హాల్లో చేరి స్త్రీ శ్రమ గురించి గొంతులు చించుకుంటుంటే, ఆ గొంతులు ఎండిపోకుండా నేను వంటింట్లోంచి కాఫీలు మోసేదాన్ని. ఒకసారి ఆయన “ఆడదాని చాకిరీ ఎవురికీ కనపడదు” అని కళ్ళు చెమ్మ చేసుకుని చెబుతూ, కిందికి చూడకుండానే ఖాళీ కప్పు నా వైపు చాచాడు. నిజంగానే కనపడలేదు.

ఆ సినిమాకు రెండు మూడు నిమిషాల ట్రైలర్ ఒకటి ఉంది. దాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలని ఇప్పుడు ఆయన గొడవ. రెండు వేల రెండో సంవత్సరం అది. మా ఇంట్లో ఇంటర్నెట్ ఫోను తీగలోంచి కీచుమంటూ, మూలుగుతూ వచ్చేది. ఒక బొమ్మ తెర మీదకు దిగేలోగా నేను అంట్లు తోమి, తల దువ్వుకుని వచ్చేదాన్ని, ఆ బొమ్మకు ఇంకా నడుము కింద ఏమీ ఉండేది కాదు. అట్లాంటి తీగలో సినిమా బొమ్మ నడవాలంటే దాన్ని ఎంత బక్కచిక్కించాలో ఊహించుకోండి. సొంత తిప్పలతో సినిమాలు తీసుకునేవాళ్ళ కోసం బాలాత్రిపురసుందరి అనే ఆవిడ ఒక వెబ్‌సైటు మొదలుపెట్టింది. ఆవిడ పేరు పట్టాక ఆ పేజీలో ఇంకెవరి పేరుకైనా చోటుండేదా అని నాకు అనుమానం. ట్రైలర్ రెండు ఎం.బీ.లు దాటకూడదని ఆవిడ షరతు. ఎక్కువమంది ఏ ట్రైలర్ చూస్తే ఆ సినిమాను నగరంలో ఒక హాలు తీసుకుని, పెద్ద తెర మీద వేయిస్తానని ఆవిడ మాట. ప్రేమ్ కుమార్‌కు ఆ పెద్ద తెర కావాలి. ఆ చిన్న పని నేను చెయ్యాలి.

నేను ఆఫీసులో చేసేది అదే. కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పే సీడీలు తయారుచేస్తాం. కుర్చీలో ఎట్లా కూర్చోవాలో చూపించడానికి కూడా ఒక వీడియో ఉంది మా దగ్గర. దాన్ని కుదించీ కుదించీ, కుర్చీ తప్ప మనిషి కనపడనంత చిన్నది చేసిన అనుభవం నాది.

“ఆదివారం చర్చికి పోయే లోపల అయిపోవాల. స్వల్ప అడ్జస్ట్ చేసుకో” అన్నాడు. మా అత్త గ్రేసమ్మ, నర్సుగా రిటైరైన మనిషి, మంచం మీంచి అందుకుంది. “ఆ పెట్టె ముందర కూచుంటే బట్టలెవరు మడుస్తారప్పా? రెండు రోజులాయె, అట్లే కుప్పబడి ఉండాయి.” అంటే బట్టలు మడిచి, కూచుని, కుదించి, లేచి, వండాలన్నమాట.

నాకు ఆ సినిమాతో ఉన్న బంధం ఏమిటో ఇక్కడ చెప్పకపోతే మీకు నా కోపం అర్థం కాదు. కథానాయికగా వేసిన నాటకాల అమ్మాయి మంచిదే, అందంగానే ఏడుస్తుంది, కానీ ఉల్లిపాయ కొయ్యమంటే కత్తిని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది. అందుకని మొహం ఆ అమ్మాయిది, చేతులు నావి. పిండి పిసికేది, గిన్నెలు తోమేది, చీపురు పట్టేది, దోసె తిప్పేది అన్నీ నా చేతులే. సినిమాలో సగానికి పైన నేనే ఉన్నాను, మణికట్టు దాకా. అది చాలదన్నట్టు ఎడిటింగ్ కూడా నేనే చేశాను. వానాకాలం మొదట్లో టేపులు కంప్యూటర్‌లోకి దించడం మొదలుపెడితే, క్రిస్మస్ కేకుకు పిండి కలిపే నాటికి చివరి అతుకు వేశాను. ఆయన వెనక కుర్చీలో పడుకుని “అక్కడ కొయ్యి, ఇక్కడ కొయ్యి” అనేవాడు. ఆయన నిద్రపోయినప్పుడు నేను కోసినవే సినిమాలో నిలిచినవి.

పేర్లు వేసేటప్పుడు “ఎడిటింగ్: మార్త అని వేద్దాం” అని ఆయనే అన్నాడు, రెండుసార్లు అన్నాడు. చివరికి తెర మీద చూస్తే కథ, దర్శకత్వం, ఎడిటింగ్ మూడింటికీ కలిపి ప్రేమ్ కుమార్ అని ఉంది. నేనేమీ అనకముందే ఆయన నచ్చజెప్పాడు. “డైరెక్టర్ పెండ్లామే ఎడిటర్ అంటే ఎవురు సీరియస్‌గా తీసుకుంటారు చెప్పు? అయినా ఎడిటింగంటే ఏముండాది? నేను చెప్పిన చోట కొయ్యడమే కదా. ఇంట్లో కూరగాయలు కొయ్యల్యా? నీకు బేజారు కాకూడదనే కదా లాస్టులో నీకని ఒక కార్డు వేసినాను!” ఆ కార్డు మీద ‘భోజనాలు: మార్త’ అని ఉంది.

సరే, కుదించడానికి కూర్చున్నాను. కుదించడమంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, మీకు ఏదో ఒకరోజు పనికొస్తుంది. టేపులో బొమ్మ సెకనుకు ఇరవై అయిదుసార్లు మారుతుంది. అందులో సగం తీసేస్తే ఎవరూ గమనించరు. బొమ్మను అగ్గిపెట్టె సైజుకు తేవాలి. చెయ్యి ఊపినచోట అంచులకు దువ్వెన పళ్ళలాంటి గీతలు మొలుస్తాయి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వాటిని ఏరాలి. ఇదంతా అయ్యాక అసలు మాయ మొదలవుతుంది. కుదించే ప్రోగ్రాం ఒక బొమ్మను పూర్తిగా రాసుకుంటుంది. తరువాత బొమ్మల్లో మారిన ముక్కలను మాత్రమే రాసుకుంటుంది. వెనక గోడ కదలదు కాబట్టి దాన్ని ఒక్కసారి రాసుకుని, అది అక్కడే పడి ఉంటుందిలే అని మళ్ళీ దాని మొహం చూడదు. గోడకు ఏ ఖర్చూ లేదు. కదిలేవాటికే ఖర్చంతా. మొదటిసారి ఆఫీసులో ఇది చదివినప్పుడు నాకు ప్రోగ్రాం గురించి కాదు, మా ఇంటి గురించి రాసినట్టనిపించింది. పెళ్ళిరోజు నన్నొకసారి పూర్తిగా చూశారు. ఆ తరువాత నేను గోడను.

ప్రేమ్ కుమార్ చేయించిన ట్రైలర్‌లో మాత్రం కదలనిదంటూ ఏదీ లేదు. వాన, పొగ, గిర్రున తిరిగే ఫ్యాను, ఫ్యాను చుట్టూ గిర్రున తిరిగే కెమెరా, వీటన్నిటి మీద పిల్లనగ్రోవి, దాని మీద ఆయన గొంతు: “ప్రతి వంటింట్లోనూ ఒక మౌనం ఉడుకుతోంది.” రెండు ఎం.బీ.లకు నొక్కేసరికి వాన ఇటుకలైపోయింది. చతురస్రాలు చతురస్రాలుగా వాన రాలుతోంది. ఆ ఇటుకలతో కుందలహళ్ళిలో ఒక అపార్ట్‌మెంటు లేపి, మిగిలిన వాటితో కాంపౌండు గోడ కూడా కట్టొచ్చు.

చూసి ఆయన ఒంటికాలి మీద లేచాడు. “నా వానను ఇటుకలు చేసినావు కదే! ఆఫీసులో నేర్చుకునింది ఇదేనా?” కదలని షాట్లయితే నిలుస్తాయి, వాన నిలవదని చెప్పాను. “అట్లయితే కదలనివే ఏవో ఒకటి వెయ్యి. అగ్గిపెట్టె మీద నా సినిమా ఎట్లుంటే ఏమి? నేను పెద్ద తెరవాణ్ణి. నా పేరు మాత్రం దప్పంగా, లావుగా కనపడాల. ఆఁ, ఆ లాస్టు కార్డు తీసేయ్.”

“ఏ కార్డండీ?”

“అదే, భోజనాలది. అగ్గిపెట్టెలో దానికి చోటేడ ఉండాది?”

ఆ మాట అనేసి, సౌండ్ రికార్డింగ్ చేసే ఫయాజ్‌ను వెంటేసుకుని, తరువాతి సినిమాకు లొకేషన్ చూడాలని చందాపుర వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఏడుపుకు కూడా కాస్త చోటు కావాలి.

కదలని షాట్లంటే నా చేతులే. స్టాండు మీద కెమెరా, వెనక గోడ, మధ్యలో రెండు చేతులు. కుదించే ప్రోగ్రాంకు అంతకన్నా ఇష్టమైన భోజనం ఇంకోటి లేదు. పాత టేపుల డబ్బా కిందికి దించి, ఒక్కొక్కటీ కెమెరాలో పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఎడిటింగ్ చేసిన రోజుల్లో ఈ షాట్లన్నిటికీ సౌండ్ మూసేశాను, ఎట్లాగూ పైన పిల్లనగ్రోవి పడుతుందని. వినవలసిన పని పడలేదు. ఆ మధ్యాహ్నం ఎందుకో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మొదటి టేపులో నేను పిండి పిసుకుతున్నాను. ప్రేమ్ కుమార్ గొంతు: “మొగం వద్దు, మొగం వద్దు. చేతులు చాలు. తల ఆపక్కకు తిప్పుకో.”

రెండోదాంట్లో గిన్నెలు తోముతున్నాను. “ఇంకోసారి తోము. రోజూ చేసేదే కదా, ఇదేమన్నా యాక్టింగా అలిసిపోయేదానికి?” వెనకనుంచి అత్త గొంతు: “కోడలు తోమేది చూసేదానికి కెమెరా కావాల్నా? అత్త కండ్లు చాలవా?” ఇద్దరూ నవ్వారు. నా చేతులు తోముతూనే ఉన్నాయి.

ఇంకోదాంట్లో చీపురు. “అంత నిదానమా? మా అమ్మ ఈపాటికి మూడిండ్లు ఊడ్చి ఉంటుంది.” ఇంకోదాంట్లో నేల తుడుస్తూ నేను ఏదో చెప్పబోయాను, ఆయన: “నీవు మాట్లాడొద్దు. సినిమా పేరే మాటలేని వంటిల్లు.”

ఈ మాటలన్నీ నేను విన్నవే. ఇంట్లో గాలితోపాటు పీలుస్తున్నవే. కానీ చెవులకు హెడ్‌ఫోన్ బిగించుకుని, వేరే ఆడదాన్నెవర్నో అంటున్నట్టు, గోడ మీద పడ్డ ఆ చేతుల పక్కన వాటిని వింటుంటే, ఎవరివమ్మా పాపం ఈ చేతులు, ఎవడి పాలబడ్డాయి అనిపించింది. ఆ మాట అనుకున్నాక తల దించి చూసుకుంటే, నా ఒళ్ళోనే ఉన్నాయవి.

పూరీల టేపు పెట్టాను. సినిమాలో అందరూ మెచ్చుకున్న షాట్ అది. కాగే నూనెలో పూరీ వేస్తూ చెయ్యి సన్నగా వణుకుతుంది. ఒక పత్రికలో ‘ఆ వణుకులో తరతరాల స్త్రీ వేదన’ అని రాశారు. ఆయన దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించాడు. టేపులో నూనె చిటపటమంది. తరువాత నా గొంతు, “అమ్మా!” అని. తరువాత ఆయన గొంతు, సంతోషంగా: “తియ్యొద్దు, తియ్యొద్దు! చెయ్యి అట్లే పెట్టు. భలే ఉండాది!” “కాలుతోందండీ.” “కాలనీ. ఇంకొంచెంసేపు.” ఫయాజ్ గొంతు: “అన్నా, అక్క చెయ్యి...” “నీవు సౌండ్ చూసుకోరా!”

నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ రాగి కాసంత మచ్చ ఉంది. ఆ రాత్రి అత్త దాని మీద బర్నాల్ రాసి “వంట చేసే ఆడదానికి నూనె చిందదా?” అంది. నర్సు కదా, మందు బాగానే రాసింది.

హెడ్‌ఫోన్ తీసేసి, వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, కోయడం మొదలుపెట్టాను. కూరగాయలు కోసినట్టే కోశాను. ఆయన చెప్పింది నిజమే, చెయ్యి తిరిగినదానికి అదేమంత కష్టం కాదు.

వాన తీసేశాను. పొగ తీసేశాను. పిల్లనగ్రోవి నోరు మూశాను. గోడ ముందు నా చేతులు, వాటి మీద ఆయన మాటలు, మధ్యలో అత్తదీ నాదీ ఒక్కో ముక్క, అంతే. ఒక గొంతును కుదించడం మహా సులువు, అందులోనూ ఆ గొంతు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటే. చివరన పూరీల షాట్ పెట్టి, “కాలనీ. ఇంకొంచెంసేపు” దగ్గర తెర నలుపు చేశాను. ఆ నలుపు మీద లావాటి తెల్ల అక్షరాలతో రెండు కార్డులు వేశాను. ఒకటి ‘చేతులు, ఎడిటింగ్: మార్త’. రెండోది ‘మాటలు: ప్రేమ్ కుమార్’. నొక్కితే బొమ్మ ఎక్కడా పగల్లేదు, ఇటుక ఒక్కటి రాలలేదు. రెండు ఎం.బీ.ల్లో పట్టింది, ఇంకా కాస్త చోటు మిగిలింది కూడా. భోజనాల కార్డుకు సరిపోయేంత.

అయితే దాన్ని ఆయన చూడకుండా పంపడం నాకిష్టం లేదు. దొంగచాటు పని అని రేపు ఎవరూ అనకూడదు. ఆయన చూడాలి, సరే అనాలి. ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలిసిన రహస్యం ఒకటుంది: ప్రేమ్ కుమార్ తన పేరు పడిపోయాక ఏ సినిమానూ చూడడు. అందుకని మొట్టమొదట, తెర అంచులు పగిలేటట్టు, ‘ప్రేమ్ కుమార్ సినిమా’ అని ఒక కార్డు వేసి పెట్టాను.

శనివారం సాయంత్రం ఆయన చందాపుర నుంచి వచ్చేసరికి మా ఇంట్లో కాటేజ్ ప్రేయర్ జరుగుతోంది. చర్చి ఆడవాళ్ళంతా హాల్లో చాపల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మధ్యలో అత్త, లోకంలోని రోగులందరి కోసం పేరుపేరునా ప్రార్థిస్తోంది. కంప్యూటర్ ఉన్న గదికీ హాలుకూ మధ్య ఒక కర్టెన్ మాత్రమే. “చూస్తారా?” అన్నాను. స్పీకర్ మీటకు చెయ్యి వేశాను కూడా.

“ఏయ్, సౌండ్ వద్దు! అమ్మ ప్రేయర్లో ఉండాది” అని గుసగుసలాడాడు.

సౌండ్ లేకుండానే నడిపాను. ఆయన పేరు పడింది. పేరు చూసి ఆయన మొహం విచ్చుకుంది. తరువాత చేతులు, గోడ. “ఆఁ, పగలడం ల్యా. బాగుండాది. ఇటుకలు ల్యా” అంటూనే అప్పటికే లేచి, అన్నంలోకి ఏముందో చూడ్డానికి గిన్నెల మూతలు ఎత్తుతున్నాడు. “పంపించేయ్” అన్నాడు నోట్లో వడియంతో. తెర మీద నా చెయ్యి ఒంటరిగా, మాటల్లేకుండా, వణుకుతోంది. హాల్లోంచి ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో “ఆమెన్” అన్నారు. సోమవారం ఆఫీసులోంచి పంపాను.

ఆ తరువాత జరిగింది నేను చెబితే కోతలనుకుంటారు. మొదట మా ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి చూసింది. చూసి తన అక్కకు మెయిల్ చేసింది. అక్క తన హాస్టల్ మొత్తానికీ పంపింది. బుధవారానికి కుందలహళ్ళిలో ఏ ఆఫీసు క్యాంటీన్లో చూసినా ఆడవాళ్ళు “తియ్యొద్దు, తియ్యొద్దు, భలే ఉండాది!” అని ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. ఒకావిడ తన మొగుడు “ఇదేమన్నా పనా” అనగానే ఫోను తీగ లాగి, కంప్యూటర్‌కు గుచ్చి, ట్రైలర్ వేసి చూపించిందట. అది దిగేదాకా ఆ మొగుడు కదలకుండా కూర్చున్నాడట, అదే పెద్ద శిక్ష.

ఆదివారం అత్త చర్చి నుంచి మండుతూ వచ్చింది. “నా గొంతు ఊరంతా తిప్పినావా మార్తా? చర్చిలో ఏంజెల్ కూతురు నన్ను జూసి, ‘ఆంటీ, అత్త కండ్లు చాలవా’ అని నగుతా ఉండాది! పాస్టరమ్మ సైతం నగె!” అప్పుడు గానీ ప్రేమ్ కుమార్ సౌండ్ పెట్టి చూడలేదు. చూస్తున్నంతసేపూ ఆయన మొహంలో ఒక్కొక్క రంగే పోయి, చివరికి కుదించిన బొమ్మలా చతురస్రాలు తేలాయి.

“ఇది... ఇది నా సినిమా కాదు.”

“మాటలు మీవే కదండీ.”

“తీసేయ్. ఇప్పుడే తీసేయ్.”

“తీసెయ్యడం పెద్ద పనండీ. నాకు చిన్నది చెయ్యడం వరకే వచ్చు.”

చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఉండగా ఫోను మోగింది. బాలాత్రిపురసుందరి. అవతల ఆవిడ ఏమంటోందో నాకు వినపడలేదు గానీ, ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి జుట్టు సవరించుకోవడం మాత్రం చూశాను. “అవునా మేడమ్? ఫస్టా?... ఆ గొంతా? నాదే మేడమ్... యాక్టింగే, యాక్టింగే. మగవాడి క్రూరత్వాన్ని లోపలికి తీసుకొని చేసినాను.” ఫోను పెట్టి నా వైపు తిరిగాడు. ఆ మొహంలో ఇప్పుడు కోపం లేదు, పెద్ద తెర ఉంది. “హాలు ఇస్తారంట. వచ్చే ఆదివారం. ఆ మాటలన్నీ స్క్రిప్టులోనే ఉండె అని చెప్పినాను. ఎవురన్నా అడిగితే నీవూ అట్లే చెప్పాల. సినిమా అయినాక అందరికీ మద్దూర్ వడలు, కాఫీ. వడలు నీవు చేసుకొని తేవాల, బయటివి బాగుండవు.”

వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. గోడ కదలదని ప్రోగ్రాంకు ఎంత నమ్మకమో! అంత జరిగినా, ఆయనకు నేనింకా వెనక గోడనే. కదులుతానన్న అనుమానం కూడా రాలేదు. సరిగ్గా ఆ నిమిషాన నాకు ఆయన మీద ఉన్న చివరి జాలి కూడా కాగిన నూనెలో పడి మాడిపోయింది.

ఆ వారం రోజుల్లో నా చీరలూ, సర్టిఫికెట్లూ రోజుకు కాసిన్ని చొప్పున టిఫిన్ బుట్టలో పెట్టుకుని ఆఫీసు వెనక సందులో అద్దెకు తీసుకున్న గదికి చేర్చాను. బుట్ట లావెక్కిందని ఎవరూ అడగలేదు. బుట్ట నా చేతిలో ఉంటే అందులో తిండే ఉంటుంది కదా.

హాలు నిండింది. ట్రైలర్ చూసి వచ్చినవాళ్ళు, ఎక్కువ ఆడవాళ్ళే, ముందు వరసల్లో కూర్చున్నారు. నేను వెనక వరసలో, కాళ్ళ దగ్గర పెద్ద సంచితో. అత్త ముందు వరసలో కొత్త పట్టుచీరతో. సినిమా మొదలైంది. వాన. పొగ. ఫ్యాను. పిల్లనగ్రోవి. కాసేపటికి జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు. నా చేతులు వచ్చిన ప్రతిసారీ ఆశగా ముందుకు వంగడం, పిల్లనగ్రోవి వినిపించగానే వెనక్కి పడటం. “ఏయ్, మొగుడెక్కడ?” అని ఎవరో అమ్మాయి అరిచింది. పూరీల షాట్‌కు హాలంతా ఊపిరి బిగబట్టింది. పిల్లనగ్రోవి. “అయ్యో!” అన్నారు అందరూ.

దీపాలు వెలిగాక ప్రేమ్ కుమార్ వేదికెక్కాడు. బాలాత్రిపురసుందరి, నెరిసిన జుట్టు కత్తిరించుకున్న పొట్టి మనిషి, మైకు పట్టుకుని సూటిగా అడిగింది. “ప్రేమ్ గారూ, ట్రైలర్లో వినిపించిన ఆ మాటలు సినిమాలో ఒక్కటీ లేవేంటండీ?”

“అది... ఆర్టిస్టిక్ ఛాయిస్ మేడమ్.”

“అంత నేచురల్‌గా ఎట్లా వచ్చింది ఆ వాయిస్? ఎన్నాళ్ళు రిహార్సల్ చేశారు?”

“చాలా కష్టపడినాను మేడమ్. రోజూ ప్రాక్టీసు.”

“పెళ్ళయిన రోజు నుంచి” అన్నాను వెనక నుంచి. మైకు లేదు నాకు. అయినా వినపడింది. హాల్లో తలలన్నీ తిరిగాయి. నేను లేచి, సంచి తీసుకుని నడవడం మొదలుపెట్టాను.

ప్రేమ్ కుమార్ పళ్ళు బిగించి నవ్వాడు. “మా మిసెస్ అండీ. భోజనాల డిపార్ట్‌మెంటు. అందరికీ వడలు తెచ్చి ఉండాది.” కొందరు నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు పాపం, ఆకలి మీదున్నారు. “మార్తా, బయట టేబుల్ మీద పెట్టుపో” అన్నాడు.

నేను టేబుల్ దగ్గరికి పోలేదు. మెట్లెక్కి వేదిక మీద నిలబడి, ఎడమ చేతి గాజులు పైకి తోసి, ముందు వరసకు కనపడేటట్టు మణికట్టు చూపించాను. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. ఆ అగ్గిపెట్టె బొమ్మను అన్నిసార్లు చూసినవాళ్ళు ఆ చేతిని గుర్తుపట్టారు. ముందు వరసలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అక్కడ కాలుతోందన్నది నేనేనండీ. స్క్రిప్టులో లేదు” అన్నాను.

“మార్తా, కిందికి దిగు!”

సంచి తెరిచి వేదిక మీద బోర్లించాను. వడలు రాల్లేదు. టేపులు రాలాయి. డబ్బాలు డబ్బాలుగా, దొర్లుకుంటూ, ప్రేమ్ కుమార్ బూట్ల దాకా వెళ్ళాయి. అడుగున ఇరుక్కుని, మొదటి టేపు లోపలే పెట్టి ఉన్న కెమెరా మిగిలింది. దాన్ని తీసి, ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డ ఫయాజ్ వైపు చాచాను. అతను నన్ను చూశాడు, ప్రేమ్ కుమార్‌ను చూశాడు. ఆ రోజు ‘అన్నా, అక్క చెయ్యి’ దగ్గర ఆగిపోయిన మనిషి అతను. ఈసారి ఆగలేదు. వచ్చి కెమెరా అందుకుని, తీగ గుచ్చాడు.

“ఫయాజ్! నీవు సౌండ్ చూసుకోరా!” అని గర్జించాడు మా ఆయన, అలవాటు కొద్దీ, అచ్చం టేపులో మాదిరే. హాలంతా ఘొల్లుమంది.

“అదే చూసుకుంటా ఉండానన్నా” అన్నాడు ఫయాజ్.

పెద్ద తెర మీద గోడ వచ్చింది. గోడ ముందు నా చేతులు, తాటిచెట్లంత. నేను ముందు వరసకు దిగి వెళ్ళి అత్త పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో, డైరెక్టర్ గారి కోసం ఉంచిన కుర్చీలో, కూర్చున్నాను.

“మొదటి నుంచి వెయ్యి ఫయాజ్” అన్నాను. “సౌండ్ పూర్తిగా పెంచు. ఈ పూట ఎవరూ ప్రేయర్లో లేరు.”